మన మట్టిలో రోము కాసులు

1,531. నల్గొండ జిల్లా అక్కనపల్లి దగ్గర ఒక్కచోట దొరికిన రోమన్ వెండి నాణేల లెక్క ఇది. నాణేల నిపుణుడు పరమేశ్వరీలాల్ గుప్తా 1965లో హైదరాబాద్‌లోని ప్రభుత్వ మ్యూజియం తరఫున తెలుగు నేల మీద దొరికిన రోమన్ నాణేల జాబితాను పుస్తకంగా తెచ్చారు. అక్కనపల్లి రాశి వివరం అందులో ఉంది. శంషాబాద్ విమానాశ్రయంలో దిగి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే నల్గొండ జిల్లా హద్దు రెండు గంటల లోపే వస్తుంది. అంత దగ్గరలో ఆగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల ముఖాలు రెండు వేల ఏళ్లకు దగ్గరగా మట్టిలో ఉన్నాయి.

ఈ నాణెం పేరు దేనారియస్. తెలుగు బైబిల్లో కనిపించే దేనారం ఇదే. ఒక్కోటి నాలుగు గ్రాములకు కాస్త తక్కువ తూగుతుంది. మొత్తం కలిపితే ఐదున్నర కిలోలకు పైబడిన వెండి. అయితే తూకం కంటే ఆ కాలపు విలువను లెక్కవేస్తే విషయం బాగా తెలుస్తుంది. ఆగస్టస్ కాలంలో రోమన్ సైన్యంలో మామూలు సిపాయికి ఏడాది జీతం 225 దేనారియస్‌లు. అంటే అక్కనపల్లి సొమ్ము ఒక సిపాయికి దాదాపు ఏడేళ్ల జీతం. ప్లీనీ అనే రోమన్ రచయిత రోములో నల్ల మిరియాల ధర కూడా రాసిపెట్టాడు: పౌనుకు 4 దేనారియస్‌లు. రోమన్ పౌను మన లెక్కలో సుమారు 327 గ్రాములు. ఆ ధరకు 1,531 నాణేలు పెట్టి రోము బజారులో 125 కిలోల మిరియాలు కొనవచ్చు. సిపాయి ఏడేళ్లు కత్తి పట్టి సంపాదించే డబ్బు రెండు బస్తాల మిరియాలకు సరిపోతుంది. ఇక్కడి సరుకుకు అక్కడ ఎంత గిరాకీ ఉండేదో ఆ ఒక్క లెక్క చెబుతుంది.

ఆ నాణేల మీది బొమ్మలు కూడా గమనించదగ్గవి. భారతదేశంలో దొరికే దేనారియస్‌లలో రెండు రకాలదే పెద్ద వాటా. ఒకటి ఆగస్టస్‌ది. వెనకవైపు అతని మనవలు గైయస్, లూసియస్ డాళ్లూ బల్లేలూ పట్టుకుని నిలబడి ఉంటారు. రెండోది టైబీరియస్‌ది. వెనకవైపు చేతిలో కొమ్మ పట్టుకుని కూర్చున్న స్త్రీ ఉంటుంది. కైసరు పన్ను గురించి యేసు అడిగి తెప్పించుకుని చూసింది ఈ టైబీరియస్ దేనారమేనని చాలామంది పండితుల అభిప్రాయం. యెరూషలేములో చేతులు మారిన నాణెమూ, నల్గొండ మట్టిలో దొరికిన నాణెమూ ఒకే రకానివి కావడం నాకు ఎప్పుడు తలచుకున్నా ఒళ్లు జలదరించే సంగతి.

మిగతా చక్రవర్తుల వెండి ఎందుకు అంత అరుదు? జవాబు క్రీ.శ. 64లో ఉంది. ఆ ఏడు నీరో చక్రవర్తి నాణేల తూకం తగ్గించాడు. అప్పటిదాకా ఒక పౌను వెండితో 84 దేనారియస్‌లు కొట్టేవారు, ఆ తర్వాత 96 కొట్టారు. వెండిలో కల్తీ కూడా పెరిగింది. ఆ తర్వాతి వెండి నాణేలు మన దేశంలో దొరకడం బాగా తక్కువ. ఇక్కడి వర్తకులు నాణేన్ని బొమ్మ చూసి కాదు, తూచి, గీసి తీసుకునేవారు. అక్కనపల్లి నాణేల మీద కనిపించే చిన్న చిన్న ముద్రలు షరాబులు సరిచూసి కొట్టిన గుర్తులని పరిశోధకులు చెబుతారు. చక్రవర్తి చేసిన మోసాన్ని సముద్రానికి ఇవతల ఉన్న షరాబు పట్టేశాడన్న మాట. ప్లీనీ మరో ముచ్చట రాశాడు: రోము నుంచి వచ్చినవాడి దగ్గర నాణేలు చూసి సింహళ రాజు అబ్బురపడ్డాడట. ముఖాలు వేరువేరుగా ఉన్నా అన్నిటి తూకం ఒక్కటేనని! ఆ నమ్మకం చెడగానే వెండి రాక తగ్గి బంగారానిది పైచేయి అయింది.

బంగారు నాణెం పేరు ఔరియస్. ఒక ఔరియస్‌కు 25 దేనారియస్‌లు, ఒక దేనారియస్‌కు 4 సెస్టెర్షియస్‌లు. ఆగస్టస్ కాలపు ఔరియస్ 7.8 గ్రాముల పైచిలుకు ఉంటుంది. మనవాళ్లు కాసు బంగారమంటే 8 గ్రాములు. రోమన్ చక్రవర్తి బంగారు నాణెం మన అమ్మమ్మల కాసుకు తూకంలో దాదాపు సమానం. ఈ పోలిక దగ్గరికి మళ్లీ వస్తాను. ముందు పెద్ద లెక్క ఒకటి చూడాలి.

భారతదేశం ఏటా తమ సామ్రాజ్యం నుంచి 5 కోట్ల సెస్టెర్షియస్‌లు లాగేసుకుంటోందని ప్లీనీ క్రీ.శ. 77 ప్రాంతంలో వాపోయాడు. 5 కోట్ల సెస్టెర్షియస్‌లంటే 5 లక్షల ఔరియస్‌లు. నీరో తగ్గించాక ఔరియస్ తూకం 7.2 గ్రాములకు దిగింది కనుక మొత్తం 3,600 కిలోల బంగారం. శంషాబాద్‌లో దిగే పెద్ద కార్గో విమానం 100 టన్నుల దాకా మోయగలదు, ఈ మూడున్నర టన్నులు అందులో ఓ మూలకు సరిపోతాయి. 2023–24లో మన దేశం దిగుమతి చేసుకున్న బంగారం సుమారు 795 టన్నులు. ప్లీనీ ఏడ్చిన దానికి 220 రెట్లు. బంగారం మీద మనకున్న మోజు కొత్తది కాదు, పెరిగింది మాత్రం అమాంతం.

ప్లీనీ లెక్కను ఉన్నదున్నట్టు నమ్మవచ్చా? రోమన్ ఆడవాళ్ల పట్టుబట్టల మీదా ముత్యాల మీదా అతనికి కోపం, ఆ కోపంలోంచి వచ్చిన అంకె ఇది. దాన్ని సరిచూడటానికి ఇంకో కాగితం ఉంది. వియన్నాలో ఉన్న ఒక పపైరస్ పత్రాన్ని 1985లో ప్రచురించారు. క్రీ.శ. 2వ శతాబ్దం నాటిది. కేరళ తీరంలోని ముజిరిస్ రేవు నుంచి 'హెర్మపొల్లాన్' అనే ఓడలో తెచ్చిన సరుకు విలువ అందులో కట్టారు: 1,154 టాలెంట్లు, 2,852 ద్రాక్మాలు. సెస్టెర్షియస్‌లలోకి మారిస్తే 69 లక్షల 26 వేల పైచిలుకు. ఇది నాలుగో వంతు సుంకం పోగా మిగిలిన విలువ. సుంకంతో కలిపితే 92 లక్షలు దాటుతుంది. ఏడాదికి 120 ఓడలు ఎర్రసముద్రం నుంచి భారతదేశానికి వెళ్తున్నాయని అంతకుముందే గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. అన్ని ఓడలూ ఇంత బరువైనవి కాకపోవచ్చు. అయినా సుంకం పోను ఏడు ఓడల సరుకే ప్లీనీ చెప్పిన 5 కోట్లకు దగ్గరగా వచ్చేస్తుంది. కాబట్టి ప్లీనీ అంకె వ్యాపారం మొత్తానిది కాదనీ, ద్రాక్షసారా, పగడం, గాజుసామాను లాంటి సరుకులకు బదులు నాణేలుగా పోయిన భాగానిదే కావచ్చనీ నేను అనుకుంటాను.

నాలుగో వంతు సుంకం దగ్గర ఒక్క క్షణం ఆగాలి. 25 శాతం! శంషాబాద్‌లో కస్టమ్స్ రెడ్ ఛానల్ ముందు నిలబడేవాళ్లు సుంకం ఎక్కువని బాధపడటం వింటుంటాం. మన ప్రభుత్వం బంగారం మీద సుంకాన్ని 2024 జూలైలో 15 నుంచి 6 శాతానికి తగ్గించింది. రోమన్ ప్రభుత్వం మాత్రం తూర్పు సరుకు మీద 25 శాతం పిండుకుంది. ఒక్క హెర్మపొల్లాన్ మీదే దాదాపు 23 లక్షల సెస్టెర్షియస్‌లు, అంటే ఏడాదికి 900 సెస్టెర్షియస్‌ల పాత జీతం చొప్పున 2,500 మందికి పైగా సిపాయిల జీతం. భారత వర్తకం దేశాన్ని ముంచుతోందని రచయితలు ఏడుస్తుంటే, ఖజానా ఆ వర్తకం మీదే నిండుతోంది.

ఇంతకీ ఆ డబ్బు శంషాబాద్ చుట్టుపక్కలకు ఏ దారిన వచ్చింది? క్రీ.శ. 1వ శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన 'పెరిప్లస్' అనే ప్రయాణ గ్రంథం మసాలియా తీరాన్ని, అంటే మన కృష్ణా డెల్టా తీరాన్ని, సన్నని నూలు బట్టలు విస్తారంగా తయారయ్యే చోటుగా చెప్పింది. తగర అనే ఊరి గురించీ చెప్పింది. పైఠాన్‌కు తూర్పున పది రోజుల ప్రయాణం, అక్కడి నుంచి బండ్ల మీద బట్టలు గుజరాత్ తీరంలోని భరుకచ్చానికి వెళ్తాయట. తీర ప్రాంతాల సరుకు కూడా తగరకు చేరేదట. తగర ఇప్పటి మహారాష్ట్రలోని తేర్ అని పండితుడు జె. ఎఫ్. ఫ్లీట్ 1901లో నిర్ధారించాడు. అక్కడికి చేరే దారులనూ ఊహించి గీశాడు: ఒకటి మచిలీపట్నం నుంచి, ఇంకొకటి వినుకొండ నుంచి. రెండూ హైదరాబాద్‌కు ఆగ్నేయంగా సుమారు 25 మైళ్ల దూరంలో కలిసి, అక్కడి నుంచి తేర్, పైఠాన్ వైపు సాగేవని అతని అంచనా.

25 మైళ్లంటే 40 కిలోమీటర్లు. పటం మీద పెట్టి చూస్తే ఆ కూడలి విమానాశ్రయానికి తూర్పున, ఇబ్రహీంపట్నం ఆవల సాగర్ రోడ్డు పరిసరాల్లో పడుతుంది. ఇది తవ్వి తేల్చిన స్థలం కాదు, ఒక పండితుడు దారులు కలుపుకుంటూ వేసిన లెక్క. కానీ ఆ లెక్కను నిలబెట్టే గుర్తులు రెండు కొసల్లోనూ ఉన్నాయి. వినుకొండలో 1889లో 15 రోమన్ బంగారు నాణేలు దొరికాయి. టైబీరియస్ నుంచి కారకల్లా దాకా, అంటే దాదాపు 200 ఏళ్ల చక్రవర్తులు ఒకే మూటలో. ఇటు తేర్ వైపు వెళ్లే దారిలో సంగారెడ్డి జిల్లా కొండాపూర్ ఉంది. (హైటెక్ సిటీ పక్కనున్న కొండాపూర్ కాదు.) నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ గులాం యాజ్దానీ ఆధ్వర్యంలో 1940ల మొదట్లో అక్కడి దిబ్బను తవ్వినప్పుడు శాతవాహనుల నాణేలు దండిగా వచ్చాయి, వాటితోపాటు ఆగస్టస్ బంగారు నాణెం ఒకటి. ఉత్తరాన పెద్దపల్లి జిల్లా పెద్దబంకూరులో వేల కొద్దీ దేశీ నాణేల మధ్య ఆగస్టస్, టైబీరియస్ వెండి కూడా కనబడింది. దక్షిణాన, శంషాబాద్ మీదుగా పోయే బెంగళూరు హైవే పట్టుకుని వెళ్తే పెబ్బేరు ఆవల వనపర్తి జిల్లా వీపనగండ్ల. అక్కడ దొరికినవి తర్వాతి కాలపు బైజాంటియన్ బంగారు నాణేలు, వాటిని చూసి కొట్టిన నకళ్లు.

నకళ్లు! నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. బంగారు ఔరియస్ ఎందరికి అందుతుంది? అందనివాళ్లు ఏం చేశారు? కొండాపూర్‌లో మట్టితో చేసిన పతకాలు దొరికాయి. రోమన్ నాణెం బొమ్మను అచ్చులో ఒత్తి, పైన దారం దూర్చడానికి కొక్కెం పెట్టి, కాల్చినవి. మెడలో చక్రవర్తి ఉండాలి, బంగారమైతేనేం, మట్టయితేనేం. ఆ ముఖం ఎవరిదో వాటిని వేసుకున్నవాళ్లకు తెలుసా అన్నది వేరే సంగతి. తెలిసి వేసుకున్నారని నేను అనుకోను. దూరం నుంచి వచ్చిన వస్తువుకు ఉండే హోదా చాలు.

ఇప్పుడు కాసు దగ్గరికి వద్దాం. మన ప్రాంతంలో దొరికే రోమన్ బంగారు నాణేల్లో చాలావాటికి చక్రవర్తి తల పైభాగాన రెండు రంధ్రాలుంటాయి. ఒక్కటే రంధ్రం వేస్తే నాణెం దారం మీద తిరిగిపోతుంది. రెండు వేస్తే ముఖం నిటారుగా, ఎదుటివారికి కనబడేలా నిలుస్తుంది. కాసులపేరు కట్టే కంసాలికి ఈ కిటుకు విడమరచి చెప్పక్కర్లేదు. రోము టంకశాలలో సిపాయిల జీతం కోసం కొట్టిన నాణెం ఇక్కడికి వచ్చి నగ అయింది. ఖర్చుకు కాక, మెడకు పనికొచ్చింది.

అసలు తెలుగు నేల మీద రోమన్ నాణేల కథ లిఖితపూర్వకంగా మొదలైందే అలాంటి నగలతో. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుంటే నాగలి ఒక పాత గుడి తాలూకు ఇటుకలకు తగిలింది. కింద చిన్న కుండ, కుండలో బంగారం. అతను పాత బంగారం కింద తక్కువ ధరకు అమ్మేశాడు. చాలా నాణేలు మూసలో కరిగిపోయినట్టే ఉన్నాయి. కరగకముందు దక్కినవి 30 పైచిలుకు. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తులవి, ఫాస్టినా రాణివి. కొన్ని నిన్ననే టంకశాల దాటినట్టు మెరుస్తున్నాయనీ, మరికొన్ని అరిగి, చిల్లులు పడి, దండకూ మెడకూ కట్టుకున్నట్టున్నాయనీ మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్సన్ ఉత్తరం రాశాడు. కలకత్తా ఏషియాటిక్ సొసైటీ సంపుటంలో అది అచ్చయింది. దక్కినవి ముప్పై పైచిలుకు. కుండలో మొత్తం ఎన్ని ఉన్నాయన్న లెక్క మాత్రం మూసలోనే పోయింది.

నాగార్జునకొండలో మరో సంఖ్య ఉంది: 170. క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలోని మహాచైత్యానికి రుద్రధర భట్టారిక అనే రాణి ఒక రాతి స్తంభాన్నీ, 170 దీనారి మాషకాలనూ దానమిచ్చిందని శాసనం చెబుతోంది. ఆమె ఉజ్జయిని రాజు కూతురు. దీనారమన్న రోమన్ లెక్క కృష్ణ ఒడ్డున దానశాసనంలో చేరేంతగా ఈ డబ్బు జనానికి అలవాటైంది. 1954 నుంచి 1960 దాకా, సాగర్ నీళ్లు ముంచకముందు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో జరిగిన తవ్వకాల్లో లోయ అంతా గాలించారు. అక్కడ దొరికిన రోమన్ బంగారు నాణేల్లో ఒకటి టైబీరియస్‌ది, ఇంకొకటి ఫాస్టినాది. మెట్ల వరసల మధ్య దీర్ఘచతురస్రపు రంగస్థలం బయటపడింది. మన దేశపు పురాతన కట్టడాల్లో అలాంటిది చాలా అరుదు, రోమన్ ప్రభావమని కొందరు గట్టిగా వాదిస్తారు. ఒక స్తంభం మీద చేతిలో కొమ్ము ఆకారపు పానపాత్ర పట్టుకున్న మనిషి ఉన్నాడు. గ్రీకుల మద్యదేవత డయొనైసస్‌లా ఉన్నాడని పురావస్తువేత్తలు అన్నారు. రంగస్థలాన్ని అనుపు దగ్గర ఒడ్డున మళ్లీ పేర్చి పెట్టారు, వెళ్లి మెట్ల మీద కూర్చోవచ్చు.

రోమన్ బంగారం గురించి చెబుతూ పోతే జనమంతా ఔరియస్‌లతో ఉప్పూ పప్పూ కొన్నారనిపిస్తుంది. అలాంటిదేమీ లేదు. 2024 మార్చిలో సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధ క్షేత్రంలో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకంలో ఒక కుండ దొరికింది. అందులో 3,730 సీసపు నాణేలు. సగటున ఒక్కోటి 2.3 గ్రాములు. ఒకవైపు ఏనుగు, ఇంకోవైపు ఉజ్జయిని గుర్తు, ఇక్ష్వాకుల కాలానివి. బజారులో చేతులు మారిన చిల్లర ఇది. రోమన్ నాణెం దాచుకునే సొమ్ము, పెద్ద బేరాల సొమ్ము, నగల సొమ్ము. తమిళనాడు పుదుక్కోట ప్రాంతంలో 1898లో దొరికిన 501 ఔరియస్‌లలో నూటికి తొంభైకి పైగా నాణేల మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలి గాటు ఉంది. ఇక అది నాణెంగా చెల్లదు, బంగారంగా మాత్రమే చెల్లుతుందని చెప్పడానికి అలా గాటు పెట్టారని పలువురి అభిప్రాయం.

ఫణిగిరి సీసాన్ని నేను రోమన్ బంగారం పక్కన పెట్టి ఎక్కువ విలువ ఇస్తాను. కారణం లోహం కాదు. ఆ కుండ ఏ పొరలో, ఏ గది పక్కన, ఎంత లోతులో ఉందో తెలుసు. నెల్లూరు బంగారానికి ఆ భాగ్యం లేదు. దొరికిన చోటు తెలియని నాణెం కరిగిస్తే వచ్చే బంగారం కంటే చరిత్రకు ఎక్కువేమీ చెప్పదు. చోటు తెలిసిన సీసపు ముక్క ఒక ఊరి బతుకును చెబుతుంది. ఈ కథనంలో నేను చెప్పిన ప్రతి అంకె వెనకా ఎవరో ఒకరు మూసలో వేయకుండా ఆగి, ఇంకొకరికి చెప్పిన క్షణం ఉంది. 1,531 అలా మిగిలింది, 15 అలా మిగిలింది.

శంషాబాద్ వాసులకు ఈ మాట మరీ ముఖ్యం. 2008 మార్చిలో 5,495 ఎకరాల్లో విమానాశ్రయం మొదలైనప్పటి నుంచి తుక్కుగూడ, మహేశ్వరం, కొత్తూరు, ఇబ్రహీంపట్నం దాకా మట్టి కదలని రోజు లేదు. 158 కిలోమీటర్ల ఔటర్ చుట్టూ వెంచర్లు, పునాదులు, పైపుల కాలవలు. ఫ్లీట్ గీసిన దారి నిజమైతే అది వీటి కిందే ఎక్కడో ఉండాలి. జేసీబీ పంటికి కుండ పెంకు తగలడానికి పట్టేది క్షణం, అది మాయమవడానికి పట్టేదీ క్షణమే. నెల్లూరు రైతు కాలంలో ఏ చట్టమూ లేదు. వినుకొండ నాణేలు దొరికేనాటికి 1878 నాటి నిధి చట్టం వచ్చింది. మట్టిలో 10 రూపాయలు దాటిన విలువైనదేది దొరికినా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని అది చెప్పింది. ఆ నిధిని ప్రభుత్వం తీసుకుంటే లోహం విలువకు ఐదో వంతు అదనంగా కలిపి ఇవ్వాలనీ రాసింది. తెలంగాణ ప్రాంతానికి నిజాం కాలం నుంచే విడిగా నిధి చట్టం ఉంది. ఇక వందేళ్లు దాటిన నాణేన్ని అనుమతి లేకుండా దేశం దాటిస్తే 1972 నాటి పురావస్తు చట్టం కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు. అమెరికాలో ఉన్న పిల్లలకు చూపిద్దామని తాతగారి పాత నాణేన్ని సూట్‌కేసులో పెట్టేవాళ్లు శంషాబాద్ కౌంటర్ దగ్గరికి రాకముందే ఇది తెలుసుకోవాలి.

చూడాలనుకుంటే దగ్గరలోనే ఉన్నాయి. ఔటర్ మీదుగా పటాన్‌చెరు వైపు దిగి సంగారెడ్డి దాటితే కొండాపూర్ మ్యూజియం, బొంగుళూరు దగ్గర దిగి సాగర్ రోడ్డు పడితే నాగార్జునకొండ. రెండూ కేంద్ర పురావస్తు శాఖవి, శుక్రవారం సెలవు. పిల్లల్ని తీసుకెళ్లండి. మీ పొలంలోనో, మీ ప్లాటు పునాదిలోనో పాత కుండ తగిలితే దాన్ని కడగకండి, కదపకండి, కంసాలి దగ్గరికి తీసుకెళ్లకండి. ఉన్నచోటనే ఫొటో తీసి, పని ఆపించి, ఆ రోజే తహసీల్దారుకో, రాష్ట్ర పురావస్తు శాఖకో చెప్పండి.